పేరొక్కటే, శక్తి వేరు: ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులు

ఒక వస్తువుకు పెట్టిన పేరు ఆ వస్తువు స్వరూపాన్ని తెలియజేయాలి. శాస్త్రవిద్యలో ఈ నియమానికి ఎంతో ప్రాధాన్యం ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఆరంభమయ్యే నాటికే, పాఠ్యగ్రంథాలను అనువదించి శాస్త్ర పరిభాషను రూపొందించడం కోసం దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ 1917లో వెలసింది. ఏ భావానికి ఏ మాట తగునో పండితులు చర్చించి నిర్ణయించేవారు. అటువంటి సంప్రదాయం గల ఈ ప్రాంగణంలోను, దాని పక్కనే ఉన్న తార్నాకలోను నివసించే విద్యార్థులకు నేడు ఒక విచిత్రమైన సమస్య ఎదురవుతున్నది. కంప్యూటరు కొనబోతే, రెండు భిన్నమైన వస్తువులు ఒకే పేరుతో కనిపిస్తున్నాయి. తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్మునో, ఉపకార వేతనాన్నో వెచ్చించి కొనే వస్తువు గనుక, ఈ విషయాన్ని ఇక్కడ కొంత వివరించదలచాం.

గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటి? కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరులో శక్తిమంతమైన గణన విభాగాలు కొద్దిగా మాత్రమే ఉంటాయి. గ్రాఫిక్స్ ప్రాసెసరులో చిన్నచిన్న విభాగాలు వేల సంఖ్యలో ఉండి, ఒకే రకమైన లెక్కను ఏకకాలంలో చేస్తాయి. 1920 అడ్డు బిందువులు, 1080 నిలువు బిందువులు గల తెరపై మొత్తం 20 లక్షలకు పైగా బిందువులుంటాయి. వాటి రంగులను సెకనుకు 60 మార్లు నిర్ణయించాలంటే ఇటువంటి సమష్టి శ్రమ అవసరం. ఈ కార్డు ఆటలకు మాత్రమే పనికివస్తుందనుకోవడం సరికాదు. భవన నమూనాల చిత్రణకు, యానిమేషనుకు, అణువుల నిర్మాణాన్ని అనుకరించే లెక్కలకు, తెలుగు, ఉర్దూ లిపులను చదవడం యంత్రానికి నేర్పే పరిశోధనకు కూడా ఇదే ఆధారం.

ఇక పేర్ల సంగతి. ఎన్విడియా సంస్థ 2022లో డెస్క్‌టాప్ కోసం ఆర్.టి.ఎక్స్. 4090 అనే కార్డును విడుదల చేసింది. అందులో 16,384 గణన విభాగాలు, 24 గిగాబైట్ల మెమరీ ఉన్నాయి. దాని విద్యుత్ పరిమితి 450 వాట్లు. 2023లో ల్యాప్‌టాప్‌లలో అదే 4090 పేరుతో వచ్చినదానిలో ఉన్నవి 9,728 విభాగాలు, 16 గిగాబైట్లు మాత్రమే. వస్తుతః అది డెస్క్‌టాప్ 4080లో వాడిన చిప్పే. 4070 విషయమూ ఇంతే. డెస్క్‌టాప్‌లో 5,888 విభాగాలు, 12 గిగాబైట్లు. ల్యాప్‌టాప్‌లో 4,608 విభాగాలు, 8 గిగాబైట్లు. 2025లో వచ్చిన 5090లో కూడా ఈ అంతరం తగ్గలేదు: డెస్క్‌టాప్‌కు 21,760 విభాగాలు, ల్యాప్‌టాప్‌కు 10,496. పూర్వం ల్యాప్‌టాప్ కార్డు సంఖ్య చివర 'ఎమ్' అనే అక్షరం చేర్చేవారు. 2016లో వచ్చిన 10 శ్రేణి కార్డులలో రెండింటి శక్తి దగ్గరగా ఉండడంతో ఆ అక్షరాన్ని తొలగించారు. తరువాతి కాలంలో అంతరం మళ్ళీ పెరిగింది. తొలగిన అక్షరం మాత్రం తిరిగి రాలేదు.

ఈ భేదానికి మూలకారణం ఉష్ణం. కార్డు గ్రహించిన విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. డెస్క్‌టాప్ పెట్టెలో పెద్ద పంకాలకు, గాలి ప్రసరణకు చోటుంది. రెండు వేళ్ళ మందం గల ల్యాప్‌టాప్‌లో 450 వాట్ల వేడిని బయటికి పంపడం అసాధ్యం. వేసవిలో గది ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ ఇబ్బంది అధికమై, యంత్రం తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది.

అయితే ల్యాప్‌టాప్‌కు అనుకూలమైన భౌతిక సూత్రం కూడా ఒకటుంది. చిప్పు వ్యయించే విద్యుత్తు స్థూలంగా దాని వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. రెండింటినీ 80 శాతానికి తగ్గిస్తే వ్యయం 51 శాతానికి దిగుతుంది. అంటే ఐదో వంతు వేగం వదులుకుంటే సుమారు సగం విద్యుత్తు ఆదా అవుతుంది. అందుచేత వాట్లు సగమైనంత మాత్రాన పని సగం కాదు. ముఖ్యంగా 4060 వంటి చిన్న కార్డులలో రెండు రూపాలకూ 3,072 విభాగాలు, 8 గిగాబైట్ల మెమరీ సమానంగా ఉన్నాయి. తగినంత విద్యుత్తు అందితే వాటి మధ్య తేడా స్వల్పం.

ఆ విద్యుత్తు ఎంత అందుతుందన్నదే అసలు ప్రశ్న. ల్యాప్‌టాప్ 4060కు 35 నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా కేటాయించే స్వేచ్ఛ ల్యాప్‌టాప్ తయారీదారుకు ఉంది. కనుక ఒకే కార్డు పేరు గల రెండు ల్యాప్‌టాప్‌లు కూడా సమానం కావు. పైగా వాటి బ్యాటరీలో సాధారణంగా 100 వాట్-గంటలకు మించి శక్తి ఉండదు. 150 వాట్ల కార్డు పూర్తిగా పనిచేస్తే అది 40 నిమిషాలలో ఖాళీ కావాలి. అందువల్ల బ్యాటరీపై నడిచేటప్పుడు కార్డు వేగాన్ని బాగా తగ్గిస్తారు.

మెమరీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వేగం తక్కువైతే పని ఆలస్యమవుతుంది; మెమరీ చాలకపోతే పనే ఆగిపోవచ్చు. 700 కోట్ల పరామితులు గల భాషా నమూనాను ఒక్కొక్క పరామితికి 2 బైట్ల చొప్పున నిలపాలంటే 14 గిగాబైట్లు కావాలి. 8 గిగాబైట్ల కార్డులో అది ఇమడదు. 4 బిట్లకు కుదిస్తే 3.5 గిగాబైట్లతో సరిపోతుంది గాని, కచ్చితత్వం కొంత తగ్గుతుంది. డెస్క్‌టాప్‌లో కార్డును మాత్రమే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అది సాధారణంగా బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి, కొన్ననాటి మెమరీయే కడదాకా ఉంటుంది.

మరి విద్యార్థి దేనిని ఎంచుకోవాలి? వసతి గృహంలో ఉంటూ తరగతి గదికి, గ్రంథాలయానికి యంత్రాన్ని మోసుకొని వెళ్ళేవారికి, తార్నాకలో అద్దె గదులు మారుతూ ఉండేవారికి ల్యాప్‌టాప్ తప్పదు. కరెంటు పోయినా చేస్తున్న పని చెడిపోకపోవడం దాని మరొక సుగుణం. ఇంటిపట్టున ఉండి చదివేవారు, గంటల తరబడి లెక్కలు నడిపేవారు డెస్క్‌టాప్ తీసుకోవడం మేలు. 200 వాట్ల కార్డు రోజుకు 4 గంటలు పూర్తి శక్తితో నడిస్తే, 30 రోజులకు 24 యూనిట్లవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

తార్నాకలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ స్టేషనులో దిగితే కంప్యూటరు విక్రయాలకు పేరొందిన చెనాయ్ ట్రేడ్ సెంటరు దగ్గరే. అక్కడికి వెళ్ళినా, మరెక్కడ కొన్నా, 'ఇందులో ఏ కార్డు ఉంది?' అని అడిగి ఊరుకోకూడదు. గణన విభాగాలెన్ని, మెమరీ ఎంత, కార్డుకు అందే వాట్లెన్ని అని మూడు ప్రశ్నలు వేయాలి. సమాధానాలను తయారీదారు ప్రకటించిన వివరాలతో సరిచూసుకోవాలి.

కళాశాలలకు మా విన్నపం ఒకటుంది. అధిక మెమరీ గల ఒక డెస్క్‌టాప్‌ను ప్రయోగశాలలో నెలకొల్పి వంతులవారీగా వినియోగానికిస్తే, ప్రతి విద్యార్థీ ఖరీదైన యంత్రం కొనవలసిన అవసరం ఉండదు. సాధారణ ల్యాప్‌టాప్ గల పేద విద్యార్థి కూడా దాని ద్వారా పెద్ద లెక్కలు చేయగలుగుతాడు. కష్టార్జితాన్ని పేరుకు గాక పనికి వెచ్చించడమే వివేకం.