ఫోన్‌లో చదవడానికి ఏ ఫైల్ మంచిది?



గత యూనిట్ టెస్ట్ సిలబస్‌ని నేను స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా క్లాస్ గ్రూపులో పెట్టాను. టెస్ట్ అయ్యాక ఒక అమ్మగారు ఫోన్ చేశారు. "మేడమ్, అక్షరాలు కనబడక పెద్దవి చేసి చదివాను. కుడి పక్కన ఇంకో వరస ఉందని చూసుకోలేదు" అన్నారు. ఆ వరసలో ఉన్న పాఠం చదవకుండానే బాబు టెస్ట్ రాశాడు. తప్పు ఆవిడది కాదు. ఆ ఫైల్ ఎంచుకున్న నాది.

పీడీఎఫ్‌ని అడోబీ కంపెనీ 1993లో తెచ్చింది. ఎక్కడ తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా ఉండాలన్నది దాని ఉద్దేశం. ప్రింట్‌కి మేలు చేసే ఆ గుణమే ఫోన్‌లో ఇబ్బంది పెడుతుంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు సుమారు 70. అంటే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లంత చిన్నగా కనిపిస్తుంది. పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది. అదే మెసేజ్‌లోనో, వెబ్ పేజీలోనో అయితే తెరను బట్టి లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి.

మరి ఏది ఎప్పుడు వాడాలి?

• తేదీలు, సిలబస్, హోమ్‌వర్క్: టైప్ చేసిన మెసేజ్ చాలు.

• ప్రింట్ తీయాల్సిన వర్క్‌షీట్, అప్లికేషన్: పీడీఎఫ్.

• పిల్లలు కలిసి దిద్దుకునే ప్రాజెక్ట్: వర్డ్ లేదా గూగుల్ డాక్స్. పూర్తయ్యాక పీడీఎఫ్ చేసి పంపాలి. లేకపోతే వేరే ఫోన్‌లో పేజీ చెదిరిపోవచ్చు.

• కథల పుస్తకాలు: ఈపబ్ దొరికితే అదే హాయి. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా లైను తెగదు.

• నోట్‌బుక్ పేజీ ఫొటో: వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గి అక్షరాలు మసకబారతాయి.

తెలుగు విషయంలో ఇంకో మాట. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైప్ చేసిన వర్డ్ ఫైల్, ఆ ఫాంట్ లేని చోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో టైప్ చేయమని అడగండి.

స్కాన్ చేసిన పేజీ నిజానికి ఫొటోనే. అందులో పదం వెతకడం, చూపు తగ్గిన తాతయ్యకి ఫోన్ చేత పైకి చదివించడం కష్టం. టైప్ చేసిన దానితో ఆ చిక్కు ఉండదు.

ఇకపై సిలబస్‌ని లైనుకో పాఠం చొప్పున మెసేజ్‌లోనే పెడతాను. పిల్లలు ప్రాజెక్ట్ పంపే ముందు మీరూ ఒక్కసారి ఫోన్‌లో తెరిచి చూడండి. పక్కకి జరపకుండా చదవగలిగితే ఇక పంపేయవచ్చు.

— మీ క్లాస్ టీచర్