సీఎన్‌సీ మోటార్ వణికి ఆగిపోతోందా? డ్రైవర్ మార్చేముందు వైర్లు చూడండి

రంజాన్ మొదలయ్యేలోపు మదరసాకు 50 రెహళ్లు కోసి ఇవ్వాలి అనుకుందాం. అడ్వాన్స్ తీసుకున్నారు, చెక్క వచ్చేసింది. ఇంటి ముందు గదిలో పెట్టుకున్న చిన్న సీఎన్‌సీ మెషీన్ నిన్నటిదాకా బాగానే నడిచింది. ఈరోజు ఉదయం మాత్రం ఎక్స్ యాక్సిస్ మోటార్ గుర్రుమని వణుకుతోంది, తిరగడం లేదు. తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తే "డ్రైవర్ కాలిపోయి ఉంటుంది భాయ్, కొత్తది వేసేయ్" అన్నారు. కొత్త డ్రైవర్ తెచ్చి వేసినా అదే వణుకు. "అయితే మోటారే పోయింది" అన్నారు. మోటార్ కూడా తెచ్చారు. తీరా చూస్తే లోపం రెండింటిలోనూ లేదు. కేబుల్ వంగే చోట ఒక వైరు లోపల తెగిపోయింది, అంతే.

పోయింది రెండు పార్టుల డబ్బు మాత్రమే కాదు, మూడు రోజుల పని కూడా. ఇంటి పొదుపుతోనో, చేబదులుతోనో మెషీన్ కొన్న కుటుంబానికి అది చిన్న నష్టం కాదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, అరగంట ఓపిక ఉంటే ఈ లోపాన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు.

ముందు కరెంటు సంగతి

మెషీన్‌కు 24 లేదా 36 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై లోపలికి 230 వోల్టుల కరెంటు వస్తుంది. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి. తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు ఛార్జ్ ఉంటుంది, కాబట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. పవర్ సప్లైకి ఎర్త్ వైరు తప్పనిసరిగా ఉండాలి. పిల్లలు తిరిగే ఇల్లయితే ఆ టెర్మినళ్ల మీద మూత ఉండాల్సిందే.

ఇంకో ముఖ్యమైన మాట. పవర్ ఉండగా మోటార్ వైరు ఎప్పుడూ పీకకూడదు, పెట్టకూడదు. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగితే వోల్టేజ్ ఎగిసి డ్రైవర్‌ను కాల్చేస్తుంది. "ఊరికే కదిపి చూద్దాం" అని పీకడం వల్లే బాగున్న డ్రైవర్ కూడా పోతుంది.

నాలుగు వైర్లు, రెండు కాయిళ్లు

చిన్న మెషీన్లలో ఎక్కువగా ఉండేవి నీమా 17, నీమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు. ఇవి ఫ్యాన్ మోటార్‌లా ఊరికే తిరిగేవి కావు, అడుగులు వేసినట్టు తిరుగుతాయి. సాధారణంగా ఒక్కో అడుగు 1.8 డిగ్రీలు, అంటే పూర్తి చుట్టుకు 200 అడుగులు. లోపల రెండు కాయిళ్లు ఉంటాయి. ఒక్కో కాయిల్‌కు రెండు చివరలు, మొత్తం నాలుగు వైర్లు. డ్రైవర్ మీద ఎ ప్లస్, ఎ మైనస్, బి ప్లస్, బి మైనస్ అని రాసి ఉండేది వీటికోసమే. రెండు కాయిళ్లకూ వంతులవారీగా కరెంటు అందితేనే మోటార్ తిరుగుతుంది. ఒక కాయిల్ తెగినా, జతలు కలగాపులగం అయినా వణుకు మాత్రమే మిగులుతుంది.

వైర్ల రంగులను నమ్మొద్దు. ఒక కంపెనీలో నలుపు-ఆకుపచ్చ జత అయితే, ఇంకో కంపెనీలో వేరే ఉంటుంది. మీటర్‌నే నమ్మాలి.

మోటార్ వైర్లను డ్రైవర్ నుంచి విప్పి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. ముందుగా మీటర్ రెండు పిన్నులను ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి, తర్వాత రీడింగ్‌లోంచి అది తీసేయాలి. ఇప్పుడు రెండేసి వైర్లు పట్టి చూడండి. ఒకే కాయిల్ అయితే సాధారణంగా ఒకటి నుంచి కొన్ని ఓమ్‌ల దాకా చూపిస్తుంది. వేర్వేరు కాయిళ్లవైతే ఏమీ చూపించదు. రెండు కాయిళ్ల రీడింగ్‌లు దాదాపు సమానంగా ఉండాలి. ఏ వైరుకూ మోటార్ బాడీకీ మధ్య రీడింగ్ రాకూడదు. వస్తే ఎక్కడో ఇన్సులేషన్ పోయినట్టే.

మీటర్ అందుబాటులో లేకపోతే ఒక చిట్కా ఉంది. విప్పిన వైర్లలో రెండింటిని కలిపి పట్టుకుని షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రెండూ ఒకే కాయిల్‌వి. ఏవీ కలపకుండానే బిగుతుగా ఉంటే వైర్లు ఎక్కడో షార్ట్ అయ్యాయా, లేక బేరింగే పట్టేసిందా అని చూడాలి.

కొత్త మెషీనా, నిన్నటిదాకా నడిచిందా?

ఈ ఒక్క ప్రశ్న సగం పని తగ్గిస్తుంది. ఇప్పుడే వైరింగ్ చేసిన మెషీన్ వణుకుతుంటే జతలు తప్పుగా కలిపి ఉంటారు. నిన్నటిదాకా నడిచిన మెషీన్‌లో జతలు వాటంతటవే మారిపోవు కదా! అక్కడ వైరు తెగడమో, స్క్రూ వదులవడమో చూడాలి.

పవర్ ప్లగ్ తీసి ఉండగానే, డ్రైవర్ వైపు నుంచి కాయిల్ రీడింగ్ చూస్తూ కేబుల్‌ను పొడవునా మెల్లగా వంచుతూ రండి. అటూ ఇటూ కదిలే కేబుల్ చైన్ దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడండి. రీడింగ్ ఎక్కడ ఎగిరిపడుతుందో లోపం అక్కడే. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. అలాంటి చోట అతుకు వేయకుండా, కదిలే చోట వాడటానికి చేసిన కొత్త కేబుల్ వేసుకోవడమే మంచిది.

స్క్రూ టెర్మినల్‌లో పెట్టే వైరు కొసకు సోల్డర్ పూయడం చాలామందికి అలవాటు. సోల్డర్ మెత్తటిది, నొక్కుడుకు మెల్లగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. దాని బదులు పిన్ లగ్గులు నొక్కి బిగించాలి.

డ్రైవరా, మోటారా? మార్చి చూస్తే తేలుతుంది

కాయిళ్లు రెండూ బాగున్నా మోటార్ తిరగకపోతే, పవర్ తీసేసి ఎక్స్, వై మోటార్ల కేబుళ్లను డ్రైవర్ల దగ్గర అటుదిటు మార్చండి. రెండు మోటార్లూ ఒకే రకం, డ్రైవర్ల సెట్టింగులూ ఒకటే అయి ఉండాలి. పవర్ పెట్టి ఎక్స్‌ను కొద్దిగా కదపండి. ఎక్స్ డ్రైవర్ మీద వై మోటార్ బాగా తిరిగితే ఆ డ్రైవర్ మంచిదే, లోపం ఎక్స్ మోటార్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. వై మోటార్ కూడా వణికితే లోపం డ్రైవర్‌లోనో, దానికి వచ్చే సిగ్నల్‌లోనో ఉంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కొత్త పార్టు కొనాలా వద్దా అన్నది దీని తర్వాతే తేల్చుకోవాలి.

సిగ్నల్ వైపు

టీబీ6600, డీఎం542 లాంటి డ్రైవర్ల మీద పల్స్, డైరెక్షన్, ఎనేబుల్ అని మూడు జతల టెర్మినళ్లు ఉంటాయి. ఆర్డ్యూనో లాంటి 5 వోల్టుల బోర్డుతో నడిపేటప్పుడు మైనస్‌లన్నీ కలిపి బోర్డు గ్రౌండ్‌కు, ప్లస్‌లను సిగ్నల్ పిన్నులకు ఇవ్వడం సులువైన పద్ధతి. గ్రౌండ్ వైరు ఒక్కటి మరిచిపోయినా మోటార్ కదలదు. ఎనేబుల్‌ను ఖాళీగా వదిలేసినా ఈ డ్రైవర్లు పనిచేస్తాయి. పవర్ ఉన్నప్పుడు మోటార్ బిగుసుకుని ఉండి, కమాండ్ ఇస్తే మాత్రం కదలకపోతే ముందు పల్స్ వైరు చూడండి. ఒకే దిక్కుకు పోతుంటే డైరెక్షన్ వైరు చూడండి.

రెండు దిక్కులూ తిరుగుతూ తలకిందులుగా పోతుంటే అది లోపం కాదు. పవర్ తీసి ఒక కాయిల్ వైర్లు రెండింటినీ అటుదిటు మార్చితే సరి. రెండు కాయిళ్లవీ మార్చితే మళ్లీ మొదటికే వస్తుంది. జీఆర్‌బీఎల్ వాడేవాళ్లు $3 సెట్టింగ్‌తోనూ మార్చుకోవచ్చు. వై వైపు ఎదురెదురుగా రెండు మోటార్లు ఉన్న మెషీన్‌లో ఒకదాన్ని మాత్రమే తిప్పి కలపాల్సి రావచ్చు. అవి తప్పుగా ఉంటే పైన ఉన్న దూలం వంకర పోతుంది, వెంటనే ఆపేయాలి.

తిరుగుతుంది కానీ కొలత తప్పుతోంది

కోతలో కొలత ప్రతిసారీ సరిగ్గా సగమో రెట్టింపో వస్తుంటే అది మైక్రోస్టెప్ స్విచ్ సంగతి. ఉదాహరణకు చుట్టుకు 8 మిల్లీమీటర్లు కదిలే స్క్రూ, డ్రైవర్ మీద 8 మైక్రోస్టెప్పులు ఉంటే 200ను 8తో గుణించి 8తో భాగించాలి. అంటే మిల్లీమీటర్‌కు 200. స్విచ్ 16లో ఉంటే 400 రావాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే అంకె ఉండాలి.

మధ్యమధ్యలో మాత్రమే తప్పుతుంటే ముందు షాఫ్ట్ కప్లింగ్ స్క్రూలు బిగించండి. తర్వాత వేగం, యాక్సిలరేషన్ తగ్గించి చూడండి. ఆపైన డ్రైవర్ మీద పెట్టిన ఆంపియర్లు మోటార్ ప్లేటు మీద రాసినదానికి దగ్గరగా ఉన్నాయా అని చూడండి. తక్కువైతే బలం చాలదు, ఎక్కువైతే కాలుతుంది. ఈ మోటార్లు నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు తీసుకుంటాయి, కాబట్టి బాగా వేడెక్కడం ఒక్కటే చూసి పాడైందనుకోవద్దు.

స్పిండిల్ వేయగానే మెషీన్ అలారం ఇచ్చి ఆగుతుంటే, స్పిండిల్ కేబుల్ నుంచి లిమిట్ స్విచ్ వైర్లలోకి డిస్టర్బెన్స్ వస్తుండవచ్చు. ఈ రెండింటినీ ఒకే కట్టగా కట్టొద్దు. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ను ఒక చివర మాత్రమే ఎర్త్ చేయాలి.

ఫోటో తీసి పెట్టుకోండి

మెషీన్ బాగా నడుస్తున్న రోజునే వైరింగ్ ఫోటోలు తీసి, రెండు కాయిళ్ల రీడింగ్‌లు, స్విచ్‌ల స్థానాలు ఒక కాగితం మీద రాసి పెట్టెలో అతికించండి. ఇంట్లో ఇంకొకరికి కూడా అది చూపించి పెట్టండి. రేపు మోటార్ వణికితే పోల్చి చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ముందు వైర్లు, తర్వాత స్క్రూలు, ఆపై మార్చి చూసే పరీక్ష, అన్నిటికంటే చివర కొత్త పార్టు. ఈ వరస పాటిస్తే అడ్వాన్స్ డబ్బు దుకాణంలో కాదు, చెక్క మీదే ఖర్చవుతుంది.