గోల్ కొట్టని కెప్టెన్

బ్యాంకాక్‌లో కాంస్యం, జపాన్‌లో పరాభవం. హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ కథలో ఈ రెండూ ఉన్నాయి. భారత ఫుట్‌బాల్ ఎక్కడ ఆగిపోయిందో ఆ రెంటి మధ్యే తెలుస్తుంది.

కోల్‌కతా నైరుతి అంచున, హుగ్లీ ఒడ్డున ఉంటుంది మెటియాబ్రుజ్. రెడీమేడ్ దుస్తులు కుట్టే పేటగా దాని పేరు దేశమంతటా వ్యాపారులకు తెలుసు. చరిత్రలో దానికి మరో గుర్తింపు ఉంది. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడింది ఇక్కడే. 1887లో కన్నుమూసేదాకా ఆయన ఇక్కడ ఒక చిన్న లక్నోనే నిలబెట్టారు. నవాబు పోయిన నాలుగేళ్లకు, 1891లో, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ పుట్టింది. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1938 వరకు వరసగా ఐదేళ్లు ఆ టైటిల్‌ను వదల్లేదు. మెటియాబ్రుజ్, కిదర్‌పూర్, రాజాబజార్, పార్క్ సర్కస్ లాంటి పేటలకు ఆ క్లబ్ నలుపు తెలుపు జెండా సొంత జెండా.

ఆ జెండా కింద ఆడిన హైదరాబాదీలకు కొదవలేదు. మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... అందరూ గోల్ పోస్టు వైపు దూసుకెళ్లినవారో, దూసుకెళ్లేవారికి బంతి అందించినవారో. సయ్యద్ నయీముద్దీన్ పని వేరు. ఆయన స్టాపర్. అవతలివాడు కొట్టబోయే గోల్‌ను పుట్టకముందే ఆపేయడం ఆయన ఉద్యోగం.

ఈ ఉద్యోగంలో ఒక చిక్కుంది. కొట్టిన గోల్‌కు లెక్క ఉంటుంది, ఆపిన గోల్‌కు ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు, కాపాడే జట్టు వేర్వేరుగా మైదానంలోకి దిగుతాయి. ఎవరు ఎన్నిసార్లు ప్రత్యర్థిని పడగొట్టారో లెక్కగట్టి రాసిపెడతారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1971 నుంచి ఏటా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిని ఎంపిక చేస్తోంది. ఆ మొదటి ఏడాది అవార్డు అందుకున్న అలన్ పేజ్, మొత్తం లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడిగా కూడా ఎంపికయ్యాడు. అదే కాలంలో మన మైదానాల్లో ఆడిన స్టాపర్‌కు అలాంటి చిట్టా ఏదీ లేదు. అతని పనితనం స్కోరులోని సున్నాల్లో వెతుక్కోవాల్సిందే.

రహీమ్ నీడలో

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన కుర్రతనంలో ఆ నగరం దేశానికి ఫుట్‌బాల్ రాజధానుల్లో ఒకటి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. రహీమ్ శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో కేన్సర్‌తో రహీమ్ కన్నుమూశారు. ఆరు దశాబ్దాల తర్వాత, 2024లో, ‘మైదాన్’ సినిమా వచ్చాకే ఆయనెవరో కొత్త తరానికి తెలిసింది.

రహీమ్ పోయినా ఆయన నాటిన అలవాట్లు సిటీ పోలీస్ జట్టులో మిగిలాయి. ఆ జట్టులో ఆడిన నయీముద్దీన్‌కు అవే పాఠాలు. ముగ్గురు బ్యాక్‌ల పద్ధతి పోయి, నలుగురు వెనక, ఇద్దరు మధ్యన, నలుగురు ముందు ఆడే 4-2-4 పద్ధతి వేళ్లూనుతున్న రోజులవి. బ్రెజిల్ 1958 ప్రపంచకప్ గెలిచింది ఆ పద్ధతిలోనే. అందులో వెనక మధ్యన ఆడే ఇద్దరికీ కాలి బలంతో పాటు కంటి చూపు కావాలి. ఒకడు బంతి మీదికి వెళ్తే రెండోవాడు వెనక ఖాళీని కాయాలి. ఒక్క అడుగు తొందరపడితే ఫార్వర్డ్ వెనక నుంచి జారుకుంటాడు. ఒక్క అడుగు ఆలస్యమైతే షాట్ కొట్టేస్తాడు. తొందరా ఆలస్యమూ లేని ఆ అడుగే స్టాపర్ విద్య.

1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించింది. బెంగాల్ క్లబ్బులు ఊరుకోలేదు. 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ హబీబ్‌నూ నయీముద్దీన్‌నూ కలకత్తాకు తీసుకెళ్లింది. ఆ ఏడాది లీగ్ టైటిల్ ఆ క్లబ్‌దే. తర్వాత నయీముద్దీన్ మోహన్ బగాన్‌కూ మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. ఒక క్లబ్ చొక్కా విప్పి ప్రత్యర్థి చొక్కా తొడిగితే ద్రోహంగా చూసే నగరంలో మూడు పెద్ద క్లబ్బులూ ఆయన్ను కావాలనుకున్నాయి. పదవీ విరమణ దాకా పోలీసు ఉద్యోగం ఇవ్వగలిగిన హైదరాబాద్, వేలాది జనం మధ్య ఆడే లీగ్‌ను మాత్రం ఇవ్వలేకపోయింది. ఆ వెలితే ఆటగాళ్లను ఒకరి వెనక ఒకరిని హౌరా రైలెక్కించింది.

బ్యాంకాక్, 1970

1970 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టుకు నయీముద్దీన్ కెప్టెన్. జి.ఎం. బాషా, పి.కె. బెనర్జీ కోచ్‌లు. అప్పటికి జపాన్ పేరు మోగిపోతోంది. రెండేళ్ల కిందటే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టది. అదే జట్టు చేతిలో భారత్ రెండో దశలో 0-1తో ఓడింది. ఇండోనేసియాను 3-0తో గెలిచి సెమీఫైనల్ చేరినా, అక్కడ బర్మా 2-0తో ఆపేసింది. కాంస్యం కోసం మళ్లీ జపాన్ ఎదురైంది. ఈసారి మన్‌జీత్ సింగ్ గోల్ కొట్టాడు, జపాన్ కొట్టలేకపోయింది. 1-0.

గోల్ కొట్టినవాడి పేరు రికార్డులో ఉంది. అవతలి సున్నా ఎవరిదో రికార్డు చెప్పదు. నయీముద్దీన్, ఆయన పక్కన సుధీర్ కర్మాకర్ తదితరులు, వెనక గోల్‌కీపర్... అందరూ కలిసి సంపాదించిన సున్నా అది. ఆ ఏడాదే నయీముద్దీన్‌కు అర్జున అవార్డు దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత పతకం చూడలేదు. కెప్టెన్‌కు అది ఘనత, దేశానికి లోటు.

కర్ర పట్టిన కోచ్

ఆట మానేశాక ఆయన కోచ్ అయ్యారు. కఠినుడన్న పేరు తెచ్చుకున్నారు. సమయానికి రావడం, ఒళ్లు వంచడం, తిండిలో అదుపు... ఆటగాడిగా తాను పాటించినవన్నీ ఆటగాళ్ల నుంచి రాబట్టాలనుకున్నారు. ఫలితాలు వచ్చాయి. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. అదే ఏడాది ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్ కోచ్‌కు ఆ అవార్డు దక్కడం అదే మొదలు. జాతీయ జట్టు ఆయన చేతికింద 1997లో కాఠ్మాండూలోనూ, 2005లో కరాచీలోనూ దక్షిణాసియా టైటిళ్లు గెలిచింది. కరాచీ ఫైనల్లో బంగ్లాదేశ్‌పై స్కోరు 2-0. అవతల మళ్లీ సున్నానే.

రెండు నెలలకే కథ అడ్డం తిరిగింది. 2006 ఫిబ్రవరి 22న యోకోహామాలో ఆసియా కప్ అర్హత పోటీ. ఎదురుగా జపాన్, వాళ్ల కోచ్ బ్రెజిల్ దిగ్గజం జికో. స్కోరు 0-6. వారం తిరగ్గానే ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3. నయీముద్దీన్ పదవి పోయింది. ఆయన స్థానంలో ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హాటన్ వచ్చారు. మరుసటి ఏడాది నయీముద్దీన్ బంగ్లాదేశ్ జాతీయ జట్టు కోచ్‌గా ఢాకా వెళ్లారు.

ఆరు గోల్స్‌కు ఒక మనిషిని బాధ్యుణ్ని చేయడం తేలిక. ఆయన పద్ధతులు పాతబడ్డాయన్న విమర్శలో కొంత నిజం ఉండొచ్చు. గంటల తరబడి పరుగు, గద్దింపు మాత్రమే ఆధునిక శిక్షణ కాదు. కానీ బ్యాంకాక్‌కూ యోకోహామాకూ మధ్య 35 ఏళ్లలో జపాన్ ఏం చేసిందన్నది అసలు ప్రశ్న. 1993లో అది ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది. ఒక్కో క్లబ్‌ను ఒక్కో ఊరికి కట్టేసింది. పిల్లల జట్లు పెట్టి ఆటగాళ్లను అక్కడికక్కడే తయారుచేసుకుంది. 1998 నుంచి ప్రతి ప్రపంచకప్‌కూ అర్హత సాధిస్తూ వచ్చింది. మనకు దేశవ్యాప్త లీగ్ వచ్చిందే 1996లో. 1970లో ఒక సమర్థుడైన కెప్టెన్, పట్టుదలగల పదకొండు మంది కలిసి పూడ్చగలిగిన తేడాను 2006 నాటికి ఏ ఒక్క కోచ్ పూడ్చలేడు. గోడ కట్టాలంటే పునాది కావాలి. అది వేయాల్సింది స్టాపర్ కాదు.

ఆ పునాది లోపం హైదరాబాద్‌లో మరీ స్పష్టం. నయీముద్దీన్, హబీబ్ తరం వెళ్లిపోయాక వారి చోట నిలిచేవారిని తయారుచేసే ఏర్పాటు మిగల్లేదు. 1965-66 తర్వాత ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి ఆశలు రేపింది. ఆ క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. 1-0తో గెలిచిన బెంగాల్‌కు అది 33వ టైటిల్. ఆతిథ్యం మాత్రం హైదరాబాద్‌ది.