నిబంధన : ఒక పదవిచారము

క్రైస్తవ వేదాంతమునందు దైవము తీర్పరి, కృపామయుడును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు పదము ‘నిబంధన’. తెలుగున నీ మాటకు నియమము, షరతు అను అర్థములే నేడు ప్రబలములు. కావున, పాటించినచో ఫలము, తప్పినచో దండన అను వ్యవహారముగా పాఠకుడు దీనిని గ్రహించుట సహజము. అది సగము సత్యము మాత్రమే యని మా యభిప్రాయము.

దీని హీబ్రూ మూలము ‘బెరీత్’. నిబంధన చేయుటను ఆ భాషలో నిబంధనను ‘కోయుట’ యందురు. పశువును రెండుగా ఖండించి ఆ ఖండముల నడుమ నడచుట నాటి యాచారము. మాట తప్పినవానికి నదే గతి యగునని దాని భావము. యిర్మీయా గ్రంథము 34వ అధ్యాయము దీనికి సాక్ష్యము. ఆదికాండము 15వ అధ్యాయమున అబ్రాము పశువులను ఖండించెను గాని, గాఢనిద్రయందుండుటచే తాను నడువలేదు. పొగ రాజుచున్న పొయ్యియు, అగ్నిజ్వాలయు మాత్రమే ఆ ఖండముల నడుమ సాగినవి. అనగా శాపభారమును వాగ్దానము చేసినవాడే తలకెత్తుకొనెను! షరతు అను నర్థ మిచట నిలువదు.

సీనాయి నిబంధన వేరు. అందు ప్రజలును మాట యిచ్చిరి. తీర్పును వారిపైననే వచ్చెను. హోషేయ ప్రవక్త తన బిడ్డలకు ‘జాలి నొందనిది’, ‘నా ప్రజ కాదు’ అను నర్థములుగల పేరులు పెట్టుట యీ తీర్పునకు గుర్తు. రెండవ యధ్యాయము ముగియునప్పటికి ఆ పేరులే తలక్రిందులైనవి.

గ్రీకు అనువాదకులు, ఇరుపక్షముల యొడంబడికను తెలుపు ‘సుంథేకే’ను విడిచి ‘దియథేకే’ను గైకొనిరి. వీలునామాకును అదే పేరు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయమున నీ యర్థద్వయముపైననే వాదము నడచినది. ప్రచారమునందున్న తెలుగు బైబిలున నచ్చట ‘నిబంధన’ పోయి ‘మరణశాసనము’ వచ్చినది. ఒక్క గ్రీకు మాట తెలుగున రెండుగా చీలుటచే నా వాదపు ముడి మన పాఠకునకు కానరాదు.