'బాయికాటు' పుట్టువు

మన పల్లెలయందు సైతము వినవచ్చు 'బాయికాటు' అను మాట మొదట నొక పెద్దమనుష్యుని ఇంటిపేరని యెఱిగినవారు తక్కువ.

కెప్టెను చార్లెస్ బాయికాటు ఐర్లండులోని మేయో జిల్లాలో ఎర్న్ ప్రభువను భూస్వామికి ఏజెంటు. పంటలు చెడినందున ప్రభువు శిస్తులో నూటికి పది తగ్గింతుననెను. రైతులు ఇరువదియైదు తగ్గింపుమనిరి. ఏజెంటు భూములనుండి తొలగించు నోటీసులు పంపెను. అంతకు కొలఁది దినముల ముందే, 1880 సెప్టెంబరు 19న, ఎన్నిస్ సభలో పార్నెల్, అట్లు తొలగింపఁబడినవాని భూమిని పుచ్చుకొనువానిని కొట్టవలదనియు, వానితో పలుకుట మానుఁడనియు బోధించియుండెను. రైతులు ఆ యస్త్రమును ఏజెంటుపైననే ప్రయోగించిరి. పాలేళ్లు వెడలిపోయిరి. చాకలి బట్టలు ముట్టదు, కమ్మరి పని చేయఁడు, అంగడివాఁడు సరకియ్యఁడు. పొలమున పంట నిలిచిపోయెను. అల్‌స్టరు నుండి ఏఁబదిమంది కూలీలు రాఁగా, వారి కావలికి రమారమి వేయిమంది సైనికులును పోలీసులును! అయిదువందల పౌనుల పంటకు పదివేల పౌనులు వ్యయమైనవని నాఁటి లెక్క.

ఈ చర్యకు పేరేమి? గ్రీకులు పెంకులమీఁద పేరు వ్రాసి మనుష్యుని దేశమునుండి వెడలఁగొట్టెడివారు. ఆ పెంకునుండి పుట్టిన 'ఆస్ట్రసైజు' అను పదము ఇంగ్లీషున నుండనే యున్నది. అది పల్లెటూరివారి నోటఁ బలుకదని తలఁచి, ఓమాలీ యను మతగురువు ఏజెంటు పేరునే క్రియగా వాడుదమనెనని అమెరికా పత్రికారచయిత రెడ్‌పాత్ వ్రాసినాఁడు. పండితులు కూర్చిన పదములకు ఇంతటి యదృష్టము పట్టుట అరుదు.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌనుహాలు సభ విదేశవస్తువులపై ఈ మాటనే ప్రకటించెను. మనము దానిని 'బహిష్కారము' అంటిమి, తగిన మాటయే. కాని దానిని 'వెలి'తో కలుపుట నా కిష్టము లేదు. మేయో రైతులు అధికారము గలవానిపై చేసినది బాయికాటు. కూలి హెచ్చింపుమన్న దళితవాడకు అంగడియు, పనియు, బావియు మూయుట వెలి. అది బలవంతుఁడు దుర్బలునిపై చేయునది. దానికిని పత్రికలు 'సాంఘిక బహిష్కారము' అనియే వ్రాయుచున్నవి. చట్టము మాత్రము భ్రమపడలేదు: 2015 నాఁటి సవరణతో, షెడ్యూల్డు కులములవారిపైనను తెగలవారిపైనను ఇతరులు ఇట్టి వెలి విధించుట శిక్షార్హమైన నేరమైనది. భూములు గల చదువరులు ఈ భేదమును గమనింతురు గాక.

బాయికాటుదొర 1880 చివరనే ఐర్లండు విడిచెను, 1897లో మరణించెను. అప్పటికే ఆయన పేరు ఫ్రెంచి, జర్మను భాషలలో క్రియగా చెల్లుచుండెను.