వరి పైరుకు అందిన యూరియా ఎంత? – అయస్కాంత బలంతో నత్రజని లెక్క

వరి పొలంలో వేసిన యూరియాలో పైరుకు అందినది ఎంత అన్నది రైతు పెట్టుబడికి, శాస్త్రవేత్త సిఫారసుకు సంబంధించిన ప్రశ్న. కోత సమయంలో మొక్కలోని మొత్తం నత్రజనిని రసాయన విశ్లేషణ ద్వారా కనుగొనవచ్చు. అయితే అది యూరియా నుండి వచ్చినదో, నేలలోని సేంద్రియ పదార్థం నుండి వచ్చినదో ఆ విశ్లేషణ తెలుపలేదు. ఈ చిక్కును విడదీయుటకు భౌతికశాస్త్రంలోని ఒక మౌలిక సూత్రం తోడ్పడుతుంది. అదే అయస్కాంత క్షేత్రంలో చలించే విద్యుదావేశంపై పనిచేసే బలం.

నిశ్చలంగా ఉన్న ఆవేశంపై అయస్కాంత క్షేత్రం ఏ బలాన్నీ చూపదు. ఆవేశం క్షేత్రానికి లంబంగా చలించినపుడు దానిపై పనిచేసే బలం ఆవేశం, వేగం, క్షేత్ర తీవ్రతల లబ్ధానికి సమానం. ఈ బలం ఎల్లప్పుడు చలన దిశకు లంబంగా ఉంటుంది. అందువల్ల అది కణం వేగాన్ని పెంచదు, తగ్గించదు. మార్గాన్ని మాత్రం వృత్తాకారంగా వంచుతుంది. ఒకే ఆవేశం, ఒకే శక్తి గల కణాలలో బరువైనవి తక్కువగా, తేలికైనవి ఎక్కువగా వంగుతాయి. ఆస్టన్ 1919లో నిర్మించిన పరికరం, నీర్ 1940లో రూపొందించిన 60 డిగ్రీల మాస్ స్పెక్ట్రోమీటరు ఈ సూత్రాన్నే వినియోగించుకున్నాయి.

ప్రకృతిలోని నత్రజనిలో అధిక భాగం ద్రవ్యరాశి 14 గల ఐసోటోపు. ద్రవ్యరాశి 15 గలది 0.366 పరమాణు శాతం మాత్రమే. ఇది రేడియోధార్మికత లేని స్థిర ఐసోటోపు. దీని పాలు పెంచి తయారుచేసిన యూరియాను చిన్న మడిలో వేస్తే, మొక్కలో చేరిన ఎరువు నత్రజనిని గుర్తించవచ్చు.

కోసిన మొక్కను ఎండబెట్టి, మెత్తగా పొడిచేసి, దహనపరచి నత్రజని వాయువుగా మారుస్తారు. మాస్ స్పెక్ట్రోమీటరులో ఈ అణువులు ఎలక్ట్రాన్ల తాకిడికి అయాన్లుగా మారుతాయి. ఉదాహరణకు, వాటిని 3000 వోల్టులతో త్వరణపరచి 0.4 టెస్లా క్షేత్రంలోకి పంపితే, 28 ద్రవ్యరాశి గల అయాన్లు సుమారు 10.4 సెం.మీ., 29 ద్రవ్యరాశి గలవి సుమారు 10.6 సెం.మీ. వ్యాసార్ధంతో వంగుతాయి. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా వలననే రెండు పుంజాలు వేర్వేరు సేకరిణులను చేరుతాయి. అక్కడ కొలిచిన విద్యుత్ ప్రవాహాల నిష్పత్తి నుండి బరువైన నత్రజని శాతం తేలుతుంది.

దీనిని పొలం లెక్కగా మార్చుట సులభం. ఎరువులో బరువైన నత్రజని సహజ స్థాయి కంటే 5 పరమాణు శాతం, మొక్కలో 2 శాతం అధికంగా ఉన్నదనుకొందాం. అంటే మొక్క నత్రజనిలో 40 శాతం ఎరువు నుండి వచ్చినట్లు. హెక్టారు పైరు తీసుకొన్న నత్రజని 100 కిలోలైతే అందులో ఎరువు వాటా 40 కిలోలు. వేసిన నత్రజని 120 కిలోలైతే పైరుకు దక్కినది మూడింట ఒక వంతు. మిగిలిన దానిలో కొంత నేలలో నిలుస్తుంది. కొంత అమోనియాగా, ఇతర వాయువులుగా గాలిలో కలుస్తుంది. కొంత నీటితో కొట్టుకొనిపోతుంది.

ఎరువు వేసిన, వేయని మడుల మధ్య వ్యత్యాసంతో కట్టే లెక్క దీనితో ఏకీభవించకపోవచ్చు. ఎరువు వలన వేళ్లు బాగా పెరిగి, నేల నత్రజనిని అధికంగా తీసుకొంటే వ్యత్యాస పద్ధతి ఎరువు వాటాను ఎక్కువ చేసి చూపుతుంది. సూక్ష్మజీవులు గుర్తింపు గల నత్రజనిని పట్టి ఉంచి, దాని స్థానంలో నేల నత్రజనిని విడుదల చేస్తే ఐసోటోపు పద్ధతి తక్కువ చేసి చూపుతుంది. కనుక రెండింటినీ కలిపి పరిశీలించుట మేలు.

పరికరం ఎంత సున్నితమైనదైనా, విశ్లేషణకు వెళ్లేది కొన్ని మిల్లీగ్రాముల పొడి మాత్రమే. మడి అంచు మొక్కలను విడిచిపెట్టుట, పొడిని సమంగా కలుపుట, గుర్తింపు గల నమూనాలను సాధారణ నమూనాల తరువాతనే మరపట్టుట తప్పనిసరి. ఈ జాగ్రత్తలు పాటించినపుడే యూరియాను దఫాలుగా వేయుట, వేళ్ల సమీపంలో లోతుగా ఉంచుట వంటి పద్ధతులలో ఏది రైతు పెట్టుబడిని పైరుకు చేర్చుచున్నదో విస్తరణ శాస్త్రవేత్తలు నమ్మకంగా చెప్పగలుగుతారు.