నేలపై మొక్కలు – వాటి సంతానోత్పత్తి

మదీనా ఖర్జూర తోటల పట్టణం. దైవప్రవక్త (స) హిజ్రత్ చేసి అక్కడకు వచ్చినప్పుడు తోటల వారు పోతు చెట్టు పూగుత్తిని కోసి ఆడచెట్టు పూగుత్తిలో ఉంచుతూ కనిపించారు. అలా చేయకున్నా మేలేమో అని ఆయన అన్నారు. వారు మానుకున్నారు. ఆ యేడు కాపు తగ్గింది. సంగతి విన్నప్పుడు, ధర్మ విషయాలలో తాను ఆదేశించినది అనుసరించవలసి ఉంటుందనీ, ఇటువంటి లౌకిక వ్యవహారాలు వారికే బాగా తెలుసుననీ అర్థం వచ్చేట్లు ఆయన సెలవిచ్చారని సహీహ్ ముస్లింలో ఉల్లేఖించబడింది. ఈ హదీసుపై ధర్మవేత్తలు సాగించిన చర్చ చాలా పెద్దది. దానిని ఇక్కడ ఎత్తుకోము. మనకు కావలసిన ప్రశ్న చిన్నది: ఆ పోతు పూగుత్తిలో ఏమున్నది? అది లేకపోతే కాపు ఎందుకు తగ్గుతుంది?

అరబ్బులు ఈ పనిని తల్ఖీహ్ అనీ, తఅబీర్ అనీ అన్నారు. చెట్లలో ఆడ, మగ ఉన్నవని ఖర్జూరం ద్వారా వారికి అనుభవపూర్వకంగా తెలుసు. హిజ్రీ మూడవ శతాబ్దానికి చెందిన అబూ హనీఫా దీనవరీ "కితాబున్నబాత్" అనే గొప్ప గ్రంథం వ్రాశాడు. అందులో చాలా భాగం కాలగర్భంలో కలసిపోయింది. తరువాతి నిఘంటుకర్తలు ఉదాహరించిన వాక్యాలను ఏరి కూర్చి, దానిలో ఒక భాగాన్ని పునర్నిర్మించి 1973లో కైరోలో ప్రచురించిన పండితుడు మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. ఆయనను సీరత్ గ్రంథకర్తగా ఎరిగిన మనవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఖర్జూరంలో కంటికి కనిపించిన విషయం ఇతర మొక్కలకూ వర్తిస్తుందని ప్రయోగం చేసి నిరూపించడానికి 1694 వరకు ఆగవలసి వచ్చింది. ఆ యేడు జర్మనీలోని ట్యూబింగెన్‌లో కామెరారియస్ అనే వైద్యుడు తన ప్రయోగాలను ప్రకటించాడు. ఆముదపు మొక్కకు మగపూలను విచ్చకముందే గిల్లివేస్తే గింజ కట్టలేదు. ఇంత సులభమైన పరీక్ష అంతవరకు ఎవరికీ ఎందుకు తోచలేదో ఆశ్చర్యం కలుగుతుంది.

అయితే పూలు, గింజలు ఉన్న మొక్కల సంగతి ఇది. పూవే లేని మొక్కల మాటేమిటి? గోడమీద నాచు, బావి ఒరలో పెరిగే ఫెర్న్‌ మొక్కలు ఎన్నడూ పూయవు. గింజ వేయవు. అయినా వేలాది జాతులుగా వర్ధిల్లుతున్నవి.

ఇక్కడ నీటి సమస్యను అర్థం చేసుకోవాలి. నేలమీది మొక్కల పూర్వీకులు నీటిలోని ఆకుపచ్చ శైవలాలు. సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం అవి నేలకెక్కినవని శిలలలో దొరికిన సూక్ష్మమైన సిద్ధబీజాల వలన తెలుస్తున్నది. నీటిలో ఉన్నంతకాలం పురుషబీజం ఈదుకుంటూ వెళ్ళి స్త్రీబీజాన్ని చేరుతుంది. నేలమీద ఈదడానికి నీరేదీ? మొక్కల చరిత్రలో ఎక్కువ భాగం ఈ ఒక్క చిక్కును విప్పుకోవడంలోనే గడిచింది.

మొదటి వర్గం నాచులు, వాటి బంధువులు. వీటిని బ్రయోఫైటులు అంటారు. నిజమైన వేరు లేదు, నీటిని పైకి మోసే గట్టి నాళాలు లేవు. అందుచేత ఎత్తు పెరగలేవు. నాచులే దాదాపు 12 వేల జాతులున్నవి. వానాకాలంలో గోడపై పచ్చని మఖ్మల్ పరచినట్లుండే నాచును దగ్గరగా చూస్తే కొన్నిటిపై సన్నని కాడ, కాడ చివర చిన్న గుళిక కనిపిస్తుంది. ఆ పచ్చని మొక్క ఒక తరం, ఆ కాడ-గుళిక మరొక తరం. అనగా మనం ఒకే మొక్క అనుకునేది నిజానికి తల్లీ, తల్లి నెత్తిపై నిలబడి తల్లి పాలు త్రాగుతున్న బిడ్డా. పచ్చని మొక్కలో స్త్రీ, పురుష బీజాలు తయారవుతవి. దానికి సంయోగబీజదమని పేరు. వాన చినుకో మంచు బిందువో పడి తడి పొర ఏర్పడినప్పుడు రెండు కశాభాలున్న పురుషబీజం అందులో ఈది స్త్రీబీజాన్ని చేరుతుంది. ఆ కలయిక నుండి పుట్టినదే కాడ, గుళిక. దానిని సిద్ధబీజదం అంటారు. గుళిక పగిలితే పొడివంటి సిద్ధబీజాలు గాలిలో ఎగిరి, తడి తగిలినచోట మొలచి మళ్ళీ పచ్చని మొక్క అవుతవి. నాచులో నివసించే అతి చిన్న పురుగులు కూడా పురుషబీజాలను ఒకచోటి నుండి ఇంకొకచోటికి చేరుస్తాయని 2006లో వెలువడిన ప్రయోగాలు చూపించినవి.

రెండు తరాలు ఇలా ఒకదాని తరువాత ఒకటి వచ్చే ఈ పద్ధతి నాచు నుండి దేవదారు వరకు అన్నిటిలోనూ ఉన్నదని కనుగొన్నవాడు విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్. లైప్‌జిగ్‌లో తండ్రి నడిపే పుస్తకాల, సంగీత ప్రతుల దుకాణంలో పనిచేసేవాడు. విశ్వవిద్యాలయ చదువు లేదు. దుకాణం పని చూసుకుంటూనే సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. 1851లో, 27 ఏండ్ల వయస్సులో అతడు ప్రచురించిన గ్రంథం వృక్షశాస్త్రాన్నే మార్చివేసింది. అది డార్విన్ గ్రంథానికి 8 ఏండ్లు ముందటిది. తరువాత పట్టా లేని ఈ పుస్తకాల వర్తకుని జర్మన్ విశ్వవిద్యాలయాలు ఆచార్యునిగా పిలుచుకున్నవి.

మన దేశంలో బ్రయోఫైటులను గురించిన పరిశోధనకు పునాది వేసినవాడు లాహోరులో ఆచార్యుడుగా ఉన్న శివరామ్ కాశ్యప్ (1882–1934). హిమాలయాలలో కాలినడకన తిరిగి అక్కడి జాతులను వర్ణించాడు.

రెండవ వర్గం ఫెర్నులు, వాటి దూరపు బంధువులు. వీటికి నాళాలున్నవి, కనుక ఎత్తు పెరగగలవు. ఫెర్న్‌లో తరాల ప్రాధాన్యం తారుమారైంది. మనం చూసే పెద్ద మొక్క సిద్ధబీజదం. ఆకు వెనుక గోధుమరంగు చుక్కలు వరుసగా ఉంటే తెగులు అనుకుంటారు చాలామంది. అవి సిద్ధబీజాశయాల గుంపులు. ప్రతి ఆశయానికీ ఒకవైపు దళసరి గోడలున్న కణాల పట్టీ ఉంటుంది. ఎండకు నీరు ఆరుతున్నకొద్దీ ఆ పట్టీ వెనక్కు వంగి, ఒక్కసారిగా తిరిగి ముందుకు కొట్టుకుంటుంది. వడిసెల విసిరినట్లు సిద్ధబీజాలు దూరంగా పడతవి. నేలలో మొలచినది ఫెర్న్ కాదు, చిటికెనవ్రేలి గోరంత పచ్చని రేకు. హృదయాకారంలో ఉండే ఆ రేకే సంయోగబీజదం. దాని అడుగున తడిలో పురుషబీజం ఈది స్త్రీబీజాన్ని చేరితేనే కొత్త ఫెర్న్ పుడుతుంది. అంటే ఇంత పెద్ద మొక్క అయినా ఒక్క నీటి చుక్కకు కట్టుబడి ఉన్నది. వరిచేలలో నత్రజని కొరకు వాడే అజొల్లా కూడా ఈ కుటుంబానిదే. అది నీటిలో తేలే ఫెర్న్.

ఈ కట్టును తెంచినది గింజ. సిద్ధబీజాన్ని విడిచిపెట్టక తల్లి తన ఒడిలోనే ఉంచుకుని, పై పొర కప్పి, ఆహారం జతచేస్తే అది గింజ. పురుషబీజం ప్రయాణించే వాహనం పరాగరేణువు. గాలిలో పోయినా ఎండిపోదు. సింగరేణి బొగ్గు ఇటువంటి గింజ మొక్కల నుండే ఏర్పడింది. గ్లాసోప్టెరిస్ అనే, నేడు లేని ఆ మొక్కల ఆకు ముద్రలు అక్కడి బొగ్గు పొరలలో కనిపిస్తవి. వాటి వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

గింజ ఉండి పండు లేని మొక్కలను వివృతబీజాలు అంటారు. మొత్తం వెయ్యికి పైచిలుకు జాతులు మాత్రమే. పైన్, దేవదారు, జింకో, సైకస్ ఇందులోవి. పైన్‌లో పరాగం చేరిన తరువాత ఫలదీకరణ జరగడానికి దాదాపు ఏడాది పడుతుంది. తొందర లేని చెట్లు.

సైకస్, జింకోల కథ మరీ విచిత్రం. అవి గింజ మొక్కలే, పరాగమే వాటి వాహనం. కాని పరాగనాళం అండం దగ్గరకు చేరాక పగిలి, పాతకాలపు ఈదే పురుషబీజాలను విడుదల చేస్తుంది! ఈ సంగతిని 1896లో జింకోలో మొదట చూసినది హిరాసే సకుగోరో. ఆయన టోక్యో విశ్వవిద్యాలయంలో బొమ్మలు గీయడానికి చేరినవాడు. ఆ యేడే ఇకెనో సెయిచిరో సైకస్‌లోనూ అదే చూశాడు. సైకస్ జాతికి చెందిన కొన్ని మొక్కల పురుషబీజాలు వేలకొద్ది కశాభాలతో, కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటవి. తల్లి చెట్టు తానే ఒక నీటి చుక్కను గింజలో సమకూర్చి పెడుతుంది. సముద్రాన్ని విడిచి వచ్చిన మొక్క సముద్రంలో ఒక చుక్కను వెంట తెచ్చుకున్నట్లున్నది.

ఈ సైకస్‌లలో ఒకటి మనదే. శేషాచలం కొండలలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని దీనిని స్థానికులు పేరీత అంటారు. శాస్త్రనామం సైకస్ బెడ్డోమి. ఆడ, మగ చెట్లు వేరు. మగచెట్టు కొసన పెద్ద శంకువు వస్తుంది. ఆ శంకువు బలవర్ధకమని నాటువైద్యానికి కోసి అమ్ముకోవడం అలవాటైంది. కోసేవాడు చెట్టును నరకడం లేదు, కనుక నష్టమేమీ లేదనుకుంటాడు. కాని పరాగం ఉన్నది ఆ శంకువులోనే. దానిని పుప్పొడి రాలకముందే కోసుకుపోతే చుట్టుపక్కల ఆడచెట్లు గొడ్డుపోతవి. చెట్లు నిలబడే ఉంటవి, అడవి నిండుగానే కనిపిస్తుంది, పిల్ల మొక్క మాత్రం ఉండదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని కఠినంగా నిషేధించిన జాబితాలో ఈ చెట్టును చేర్చారు. అయితే కొండమీది కత్తికి ఆ జాబితా కనబడదు. ఆముదం మొక్క మీద కామెరారియస్ చేసిన ప్రయోగాన్నే మనం ఒక అడవి మీద చేస్తున్నాము.

ఇక ఆవృతబీజాలు, అంటే పూల మొక్కలు. సుమారు 3 లక్షల జాతులు. మనం తినే ధాన్యం, పప్పు, పండ్లు, కూరలు దాదాపు అన్నీ ఇవే. ఇందులో గింజ అండాశయం లోపల మూసి ఉంటుంది. అండాశయమే పండుగా మారుతుంది. పరాగరేణువు కీలాగ్రంపై పడి, నాళం పెంచుకుంటూ లోపలికి దిగి, రెండు పురుషకేంద్రకాలను చేరవేస్తుంది. ఈదవలసిన పని ఇక లేదు. ఒకటి స్త్రీబీజంతో కలసి పిండమవుతుంది. రెండవది ఏమవుతుందో చాలాకాలం తెలియలేదు. 1898లో కీవ్‌లో నవాషిన్, మరుసటి యేడు ఫ్రాన్సులో గిన్యార్ విడివిడిగా కనిపెట్టారు. రెండవది మరొక కణంతో కలసి బిడ్డకు ఆహారమైన అంకురచ్ఛదంగా పెరుగుతుంది. మన అన్నం మెతుకులో ఉన్నది ఆ అంకురచ్ఛదమే. లేత కొబ్బరికాయలోని నీరు కూడా, ఇంకా కణాలుగా గడ్డకట్టని అదే పదార్థం. పెళ్ళి జరిగిన తరువాతే విందు వండుతుంది పూల మొక్క. ఫలదీకరణ జరగకముందే ఆహారం కూర్చిపెట్టే పైన్ కంటె ఇది పొదుపరి.

మన పల్లెల్లో ఆడ-మగ భేదం అందరికీ తెలిసిన పూలచెట్టు తాడి. పోతుతాడి కాయదు, పెంటితాడి కాస్తుంది. ఖర్జూరం దీనికి బంధువు, మన ఈతకు ఇంకా దగ్గరి బంధువు. తాడికి, ఈతకు ఎవరూ ఎక్కి పరాగం చల్లరు. ఖర్జూరానికి ఎందుకు చల్లాలి? గాలికి వదిలితే కాయకపోదు. కాని గాలి పని చేయాలంటే తోటలో సగం పోతు చెట్లుండాలి. ఎడారిలో ఒక్కొక్క చెట్టుకు నీరు పెట్టడం కష్టం. ఎంత నీరు పోసినా పోతు చెట్టు ఒక్క పండు ఇవ్వదు. అందుచేత 50 ఆడచెట్లకు ఒకటి చొప్పున పోతు చెట్టును ఉంచి మిగతా పని మనిషి తన చేతితో చేశాడు. మదీనా వారు ఆ యేడు తఅబీర్ మానుకున్నప్పుడు కాపు తగ్గడానికి కారణం ఇదే కావచ్చును. గాలి ఉన్నది, పోతు చెట్లు తక్కువ.

ఖర్జూర తోటలలో ఈ పని నేటికీ జరుగుతూనే ఉన్నది. పోతు పూగుత్తి తొడుగు పగలగానే కోసి, దాని రెండు మూడు ఈనెలను అప్పుడే విచ్చిన ఆడగుత్తి మధ్య తలక్రిందులుగా ఉంచి వదులుగా కడతారు. కొన్ని దినాలు ఆలస్యమైతే ఆ పూలు పనికిరావు. పరాగం ఏ పోతు చెట్టుదన్నదాన్ని బట్టి పండు పరిమాణం, పండే సమయం మారుతవని 1928లో స్వింగిల్ గమనించాడు. పండు కండ అంతా తల్లిదే. అందులో తండ్రి భాగం లేదు. అయినా తండ్రి ప్రభావం ఎలాగో కనిపిస్తున్నది.

పోతు చెట్టు ఒంటరిగా మొలిస్తే ఏమవుతుందో చూపిన ఉదంతం ఒకటున్నది. మృతసముద్రం దగ్గరి మసాదా కోట శిథిలాలలో 1960ల త్రవ్వకాలలో దొరికిన ఖర్జూరపు గింజ సుమారు రెండువేల ఏండ్లనాటిది. 2005లో దానిని నాటగా మొలచింది. ఏండ్లు గడచి పూగుత్తి వేసినప్పుడు తెలిసింది, అది పోతుది. దాని పరాగం ఉన్నది, పండు లేదు. తరువాత అదే ప్రాంతపు ప్రాచీన గింజలు మరికొన్ని నాటారు. వాటిలో ఒకటి ఆడది అయింది. దాని పూగుత్తి విచ్చినప్పుడు పాత పోతు చెట్టు పరాగాన్ని, మదీనా తోటలవారి వలెనే, మనుషులు తమ చేతులతో తెచ్చి అందులో వేశారు. 2020లో ఆ చెట్టు కాసింది.